మొహం మీది ఎరుపు: పన్నెండు వారాల లాగ్

రోజు 0

మీటింగ్ అయ్యాక పక్క సీటాయన అడిగాడు: "ఏంటండీ, ఎవరి మీద అంత కోపం?"

నాకెవరి మీదా కోపం లేదు. నా వంతు వస్తే రెండు నిమిషాలు మాట్లాడానంతే. వాష్‌రూమ్‌లోకి వెళ్ళి చూసుకుంటే మొహం కందగడ్డలా ఉంది. రెండు బుగ్గలు, ముక్కు, కాస్త గడ్డం. అరచెయ్యి ఆనిస్తే జ్వరం వచ్చినవాళ్ళ నుదురులా కాలుతోంది. నాది చామనఛాయ కాబట్టి బొమ్మల్లో చూపించే గులాబీ రంగు రాదు. ఇటుక రంగుకీ వంగపండు రంగుకీ మధ్య ఏదో వస్తుంది. అందుకే రెండేళ్ళుగా "ఎండకి కమిలింది", "వేడి చేసింది" అనుకుంటూ దాటేశాను.

నా ఉద్యోగం సర్వర్లు చూసుకోవడం. ఏ సిస్టమ్ మొరాయించినా ముందు లాగ్, అంటే ఎప్పుడేం జరిగిందో నమోదైన చిట్టా, తెరిచి చూడందే నోరు విప్పను. నా మొహం దగ్గరకొచ్చేసరికి మాత్రం తోచిందల్లా పూసేస్తున్నాను. ఇవాళ్టి నుంచి దీనికీ లాగ్ పెడుతున్నా. పన్నెండు వారాలు, రెండే రూల్సు. వారానికి ఒక్క మార్పు మించకూడదు. రాసుకోకుండా ఏదీ మార్చకూడదు.

రోజు 1

అల్మారాలో ఉన్నవన్నీ మంచం మీద పోశాను. పదకొండు. నురగ ఫేస్‌వాష్, గింజల పొడి ఉన్న స్క్రబ్, రాయగానే చల్లగా అనిపించే టోనర్, విటమిన్ సీ సీరమ్, గ్లైకాలిక్ యాసిడ్ సీసా, మట్టి ప్యాక్, రెండు మాయిశ్చరైజర్లు, ఒక సన్‌స్క్రీన్, ఆవిరి పట్టేటప్పుడు నీళ్ళలో వేసే చుక్కల మందు. పదకొండోది సగం పిండేసిన చిన్న ట్యూబు. మచ్చలకి బాగా పనిచేస్తుందని చుట్టాలావిడ చెబితే వాడిన క్రీమ్. ఇన్నాళ్ళకి మొదటిసారి దాని మీద చీమ తలకాయంత అక్షరాలు చదివాను: మొమెటాసోన్.

అది స్టెరాయిడ్. రాసినన్నాళ్ళూ రక్తనాళాలు ముడుచుకుని ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, ఆపగానే అంతకు రెట్టింపుతో తిరిగొస్తుంది. మళ్ళీ రాస్తాం. నెలల తరబడి మొహానికి రాస్తే చర్మం పలచబడి, లోపలి నాళాలు బయటికి తేలి, అసలు లేని జబ్బు కూడా రావచ్చు. నేను దీన్ని మూడు నెలలు వాడి, ఆరు నెలల క్రితం ఆపేశాను. ఆపిన వారం మొహం ఎలా మండిందో ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు ఆ తప్పు ఎండ మీదకి తోశాను. (ఇలాంటిది ఇప్పటికీ వాడుతున్నవాళ్ళు నా డైరీ చదివి ఉన్నపళంగా ఆపకండి. మెల్లగా ఎలా మాన్పించాలో చర్మం డాక్టరుకి తెలుసు.)

రోజు 3

ఫొటోల గొడవ. పొద్దున తీసిన రెండు ఫొటోల్లో ఒకదాంట్లో నేను పండిన టమాటాలా ఉన్నా, ఇంకోదాంట్లో మామూలుగా ఉన్నా. మధ్యలో తేడా నాలుగు నిమిషాలు. ఏమైందా అని చూస్తే, మొదటి ఫొటోలో ఒళ్ళో ఎర్ర దుప్పటి ఉంది. దాని రంగు గడ్డం కింద పడింది. దానికి తోడు ఫోను ప్రతి ఫొటోకీ తనకి తోచినట్టు రంగు సర్దేస్తోంది. మొహం నున్నగా చేసే ఫిల్టర్ కూడా ఆన్‌లోనే ఉంది. రెండేళ్ళ సెల్ఫీలు సాక్ష్యానికి పనికిరావన్నమాట.

ఇక నుంచి ఒకే కిటికీ పక్కన, ఉదయం 7:30కి, ఫ్లాష్ లేకుండా, బూడిద రంగు టీషర్టుతో తీయాలి. బుగ్గ పక్కన తెల్ల కాయితం పట్టుకోవాలి. రెండు ఫొటోల్లో కాయితం ఒకే తెలుపులో ఉంటేనే మొహాలు పోల్చాలి. నా రంగులో ఎరుపు ఒక్కటే చూస్తే సరిపోదని, పక్కన ఇంకో రెండు గడులు గీశాను: వేడి, మంట. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు.

వారం 1

ఏమీ మార్చలేదు, రాశానంతే. ఇదే అన్నిటికంటే కష్టమైన వారం. చెయ్యి ఊరుకోదు కదా.

ఆదివారం నీళ్ళ గ్లాసుతో ఒక చిన్న పని చేశాను. పలచటి గాజు గ్లాసు అంచుని కాకుండా పక్కభాగాన్ని బుగ్గకి నొక్కి, గాజులోంచి అద్దంలో చూశాను. నొక్కిన చోట ఎరుపు మాయమై పాలిపోయింది. తీయగానే రెండు సెకన్లలో మళ్ళీ నిండింది. అంటే అది చర్మానికి పట్టిన రంగు కాదు, నాళాల్లో పారుతున్న నెత్తురు. ముక్కు పక్కన మాత్రం, తీసినప్పుడు ముందు సన్నటి గీతలు నిండాయి. వెంట్రుకంత మందం, వేరుపురుగు గీసినట్టు. వాటి తర్వాతే చుట్టూ ఉన్న ఎరుపు వచ్చింది. ఆ గీతలు అక్కడున్నాయని ఇప్పటిదాకా నాకు తెలియదు. ఐదారుసార్లు నొక్కి చూశాను, అదే వరస.

లాగ్‌లో గీత గీసి రెండు పేర్లు పెట్టాను. మొహం జేవురించి అరగంటకో గంటకో దిగిపోయేది "వచ్చిపోయేది". పొద్దున లేచేసరికే ఉండేది "ఉండిపోయేది". ఇన్నాళ్ళూ రెండిటికీ ఒకటే మందు వెతికాను.

వారం 2

వారం 1లో వచ్చిపోయేది 17 సార్లు వచ్చింది. వేడివేడిగా ఏదైనా తాగినప్పుడు 6, వేడినీళ్ళ స్నానం తర్వాత 4, టెన్షన్‌లో 3, స్టవ్ దగ్గర 2, వ్యాయామంలో 1, ఎందుకో తెలియనిది 1.

ఆరుకి ఆరూ కాఫీనే అని కాఫీ మానేశాను. మూడు రోజులు తలనొప్పితో ఏడ్చాను, మొహంలో తేడా లేదు. ఎందుకంటే కాఫీ బదులు వేడినీళ్ళు తాగుతున్నా! నాలుగో రోజు సరిగ్గా పరీక్ష పెట్టుకున్నా. ఒట్టి వేడినీళ్ళు తాగితే ఏడు నిమిషాలకి జేవురించింది. మర్నాడు అదే కాఫీని చల్లార్చి తాగితే ఏమీ కాలేదు.

తర్వాత చదివితే, ఈ పని 1981లోనే చేసేశారట. వేడి కాఫీ, వేడినీళ్ళు రెండూ మొహాన్ని ఎర్రబరిచాయి, కెఫీన్ కాదు, వేడే కారణమని అప్పుడే తేలింది. 2018లో వేలమంది అమెరికన్ నర్సుల వివరాలు చూసినప్పుడు, కెఫీన్ ఉన్న కాఫీ ఎక్కువ తాగేవాళ్ళలో రోజేషియా (మొహం ఎర్రబడుతూ ఉండే చర్మ జబ్బు) తక్కువగానే కనిపించింది. దాంతో ఎరుపుకి కాఫీ మందని చెప్పలేం కానీ నా మూడు రోజుల తలనొప్పి మాత్రం దండగ.

కారం సంగతీ ఇలాంటిదే. మిరపలో ఉండే క్యాప్సైసిన్, నిజమైన వేడి, రెండూ నరాల చివర ఒకే తలుపు తడతాయి. దాని పేరు టీఆర్‌పీవీ1. దాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ ఇచ్చారు. మొహం వరకు చూస్తే కారం తినడమూ సెగ తగలడమూ ఒకటే కబురు. నాకు కారం ఒక్కటే అయితే పెద్దగా ఏం కాదు, వేడివేడిగా కారంగా తింటే మాత్రం ఖాయం. అందుకే చల్లారనిచ్చి తింటున్నా. మానేసింది ఏమీ లేదు.

ఈ వారం మార్పు: ఏదైనా గోరువెచ్చన అయ్యాకే నోట్లోకి.

వారం 3, 4

పదకొండిటినీ డబ్బాలో పెట్టి పైన అటక మీద పడేశాను. మిగిలినవి: నురగ రాని, వాసన లేని క్లెన్సర్ (రాత్రి ఒక్కసారే), సెరమైడ్లు (చర్మం పైపొరలో ఉండే రకం కొవ్వులు), గ్లిజరిన్ ఉన్న మాయిశ్చరైజర్. మొహం స్నానంలో కాకుండా విడిగా, గోరువెచ్చని నీళ్ళతో. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవడం.

మొదటి నాలుగు రోజులు మొహానికి అట్టముక్క అంటించినట్టుంది. స్క్రబ్ లేకపోతే జిడ్డు పేరుకుంటుందేమోనని బెంగ. ఐదో రోజు రాత్రి డబ్బా దించి మూత కూడా తీశాను, మళ్ళీ పెట్టేశాను. తొమ్మిదో రోజు పొద్దున నీళ్ళు చల్లుకుంటే చురుక్కుమనలేదు. అప్పుడు తెలిసింది, ఇన్నాళ్ళూ ఉత్త నీళ్ళకే నా మొహం మండేదని. అందరికీ అలాగే ఉంటుందనుకునేదాన్ని.

చర్మం పైపొర కాస్త ఆమ్లంగా, పీహెచ్ 5 చుట్టుపక్కల ఉంటుంది. మామూలు సబ్బు 9, 10 దగ్గర, అంటే క్షారంగా ఉంటుంది. రోజుకి మూడుసార్లు సబ్బు నురగ, పైన గింజల స్క్రబ్, ఆ పైన యాసిడ్. ఇటుకలు ఊడబీకి గోడ కారుతోందని ఏడ్చినట్టుంది నా యవ్వారం. చల్లగా ఉంటుందని మురిసిపోయిన టోనర్‌లో ఉన్నది మెంథాల్. అది చర్మాన్ని చల్లబరచదు, చల్లగా ఉందని నరాలకి అబద్ధం చెబుతుంది. మంటలో ఉన్న చర్మానికి అదో రాపిడి.

మంట గడిలో సగటు 3 నుంచి 1కి దిగింది. రంగులో ఇంకా పెద్ద తేడా లేదు. రాసి పెట్టాను.

వారం 5

సన్‌స్క్రీన్ వారం. పాతది రాస్తే కళ్ళ కింద భగ్గుమంటుంది కాబట్టి ఎండ ఉన్న రోజే, అదీ పిసరంత రాసేదాన్ని. కొత్తది నేరుగా మొహానికి పూయలేదు. చెవి కింద, మెడ పక్కన రూపాయి బిళ్ళంత చోట వరసగా నాలుగు రోజులు రాసి చూశాను. మొదటిది రెండో రోజుకే దురద. జింక్ ఆక్సైడ్ ఉన్న రెండోది నాలుగు రోజులూ గమ్మున ఉంది.

గమ్మున ఉంది కానీ మొహానికి రాస్తే నాటకంలో శివుడి వేషం. బూడిద పూసినట్టు తెల్లటి పొర. చామనఛాయవాళ్ళకి ఈ బాధ ఎప్పుడూ ఉండేదే. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత గోధుమరంగు ఉన్న రకం వెతుక్కున్నాక కుదిరింది. ఆ రంగు వల్ల ఎరుపు కూడా కొంచెం కప్పబడుతుంది, అది బోనస్. పరిమాణం కూడా ఇన్నాళ్ళూ తప్పే. ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె (డబ్బా మీద రాసేది) చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు రాసి కొలిచింది. ఇంట్లో లెక్కకి మొహానికీ మెడకీ కలిపి రెండు వేళ్ళ పొడుగునా పిండాలి. నేను రాసేది శనగగింజంత.

ఇంకొకటి. ఆఫీసులో నా సీటు కిటికీ పక్కన, ఎడమ బుగ్గ అద్దం వైపు. ఎండలో కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు రెండు రకాలు: మామూలు కిటికీ అద్దం యూవీబీని చాలావరకు ఆపుతుంది కానీ యూవీఏ లోపలికి వస్తుంది. ఫొటోల్లో ఎడమ బుగ్గ కుడిదాని కంటే ఎప్పుడూ ఒక మార్కు ఎక్కువే. అదొక్కటే కారణమని చెప్పలేను, సీటు మాత్రం మార్చుకున్నా.

వారం 6

డాక్టరు దగ్గరికి. మొదటి వారమే వెళ్ళాల్సింది, నిజానికి. కానీ లాగ్ పట్టుకెళ్ళడం వల్ల పదిహేను నిమిషాల్లో పని తెమిలింది.

ఆవిడ బుగ్గల కంటే ముందు కనుబొమలు, ముక్కు పక్క మడతలు చూశారు. అక్కడ జిడ్డు పొట్టు ఉంటే చుండ్రు జాతి జబ్బు అనుకోవచ్చట. బుగ్గలు, ముక్కు దూలం ఎర్రబడి ఆ మడతలు మాత్రం వదిలేసి, తోడుగా కీళ్ళనొప్పులు, జ్వరం, నోటిపూత ఉంటే లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు) అనుమానించాలట. ఏం మాత్రలు వాడుతున్నానో అడిగారు. కొన్ని బీపీ మందులు, నియాసిన్ (బీ3 విటమిన్) ఎక్కువ మోతాదులో ఉన్న మాత్రలు కూడా మొహం జేవురించేలా చేస్తాయట. మొమెటాసోన్ ట్యూబు చూపిస్తే తల అడ్డంగా ఊపి, తేదీలు రాసుకున్నారు. తర్వాత అనుకోని ప్రశ్న: "కళ్ళలో ఇసుక పడ్డట్టు ఉంటుందా అమ్మా?"

ఉంటుంది. కంప్యూటరు వల్ల అనుకున్నా. అదీ ఇందులో భాగమేనట, కంటి డాక్టరుకి కూడా చూపించుకోమన్నారు.

"ఇది రోజేషియా" అన్నారు.

"అది తెల్లవాళ్ళకొచ్చేది కాదా డాక్టరు గారూ?"

"వాళ్ళలో త్వరగా కనపడుతుంది. మన రంగులో ఎరుపు దాక్కుంటుంది కాబట్టి ఆలస్యంగా పట్టుకుంటాం. మీరు వేడికీ మంటకీ విడిగా మార్కులేశారు చూడండి, మన రంగులో మాకు దారి చూపించేవి అవే."

(లోపల ఎంత పొంగిపోయానో చెప్పను.) తాగేవాళ్ళకే వస్తుందన్న మాట కూడా అడిగేశాను. మద్యం కొందరిలో దీన్ని రెచ్చగొట్టే మాట నిజమే కానీ, జన్మలో చుక్క ముట్టనివాళ్ళకీ వస్తుందన్నారు. పూర్తిగా పోదు, అదుపులో ఉంటుంది. పొక్కులు కూడా కొన్ని ఉన్నాయని 15 శాతం అజెలాయిక్ యాసిడ్ జెల్ రాశారు. పన్నెండు వారాలైనా వాడకుండా తీర్పు చెప్పొద్దన్నారు.

కనురెప్పలకి గోరువెచ్చటి కాపడం పెట్టమన్నారు కంటి డాక్టరు. వేడి తగలనీయొద్దని చర్మం డాక్టరు. చిన్న గుడ్డని నాలుగు మడతలు పెట్టి, రెప్పల మీద మాత్రమే ఆనించి, బుగ్గలకి ఫ్యాన్ పెట్టుకుని కూర్చున్నా. ఇంట్లోవాళ్ళు వచ్చి చూసి మాట్లాడకుండా వెళ్ళిపోయారు.

వారం 7

తప్పు చేశాను, ఒప్పుకుంటున్నా. జెల్ మొదలుపెట్టిన మూడో రోజే, ఎరుపు తగ్గిస్తుందని స్నేహితురాలు ఇచ్చిన సీరమ్ కూడా రాశాను. మర్నాడు రెండు బుగ్గల మీదా చిన్న పొక్కులు, వేడి 4, మంట 4. ఇప్పుడు దొంగ జెల్లా, సీరమా? చెప్పడానికి దారి లేదు. సొంత రూలు నేనే తప్పాను.

రెండూ ఆపి ఐదు రోజులు మాయిశ్చరైజర్ ఒక్కటే. తర్వాత జెల్ మాత్రమే, రోజు విడిచి రోజు. మొహం పూర్తిగా ఆరాక, ముందు మాయిశ్చరైజర్ పలచగా రాసి, దాని మీద జెల్. పావుగంట చీమలు పాకినట్టుంటుంది, తర్వాత సర్దుకుంటుంది. సీరమ్ ఎవరికీ ఇవ్వలేదు, అటక మీదకి పంపాను. పన్నెండోది.

వారం 8, 9

టెన్షన్‌తో వచ్చే ఎరుపుకి క్రీములు చేసేదేమీ లేదు. మొహంలో నాళాలు చర్మానికి దగ్గరగా, ఒత్తుగా ఉంటాయి. మనసు బెదరగానే నరాలు వాటిని తెరిచేస్తాయి. పైగా "ఎర్రబడుతున్నానేమో" అన్న భయమే ఇంకాస్త ఎర్రబరుస్తుంది. అద్దం చూసుకుంటే ఎక్కువ, చూసుకోకపోతే తక్కువ. ఇది నాలుగు మీటింగుల్లో రాసుకున్నా.

పనిచేసినవి: మీటింగ్ ముందు చల్లటి నీళ్ళు గుటకలుగా తాగడం, లాప్‌టాప్ వేడిగాలి మొహానికి తగలకుండా పక్కకి తిప్పడం, ఊపిరి పీల్చినదానికంటే వదలడానికి ఎక్కువసేపు తీసుకోవడం. వీటన్నిటికంటే బాగా పనిచేసింది వేరే. మాట్లాడటం మొదలుపెట్టే ముందే నవ్వుతూ, "నా మొహం ఉత్తినే ఎర్రబడుతుంది, పట్టించుకోకండి" అనేశాను. ఒకరిద్దరు తలూపి వాళ్ళ స్క్రీన్లు చూసుకున్నారు. ఆ రోజు మార్కు 1.

వ్యాయామం మానలేదు. నలభై నిమిషాలు ఒకేసారి చేసేదాన్ని ఇరవై, ఇరవైగా విడగొట్టి, మెడ మీద తడి తువ్వాలు వేసుకుంటున్నా. ఐస్ ముక్క నేరుగా బుగ్గలకి రుద్దొద్దని డాక్టరు గారు ముందే చెప్పారు, అంత చలి కూడా చర్మానికి దెబ్బే. నోట్లో వేసుకుని చప్పరిస్తే మాత్రం హాయిగా ఉంది.

ఒక పెద్ద ప్రెజెంటేషన్ ఉందని బ్రిమోనిడిన్ జెల్ గురించి డాక్టరు గారిని అడిగాను. నాళాలని ముడుచుకునేలా చేస్తుంది, అరగంటలో మొదలై పన్నెండు గంటల దాకా ఎరుపు తగ్గించగలదు. కొందరిలో ప్రభావం దిగాక ముందుకంటే ఎర్రగా తిరిగొస్తుంది. ఆ మాట వినగానే మొమెటాసోన్ రోజులు గుర్తొచ్చి వద్దనుకున్నా. వాడినవాళ్ళది తప్పని కాదు, నాకు గుండె చాలలేదు. ఎరుపుని కప్పే పచ్చ రంగు కరెక్టర్ కొన్నాను. నా రంగు మీద అది పాచి పట్టిన గోడలా ఉంది. రంగు కలిసిన సన్‌స్క్రీన్‌తోనే ప్రెజెంటేషన్ కానిచ్చేశా.

వారం 10, 11

రాయడానికేమీ లేదు. జెల్ రోజూ. పొక్కులు రెండు మిగిలాయి.

వారం 12

వచ్చిపోయేది ఈ వారం 6 సార్లు: టెన్షన్ 3, వ్యాయామం 1, తెలియనివి 2. వేడి తాగడం, స్నానం, స్టవ్ గడులు ఖాళీ. మంట నాలుగు రోజులు 0, మూడు రోజులు 1. ఉండిపోయేది తగ్గింది కానీ పోలేదు. బుగ్గల మధ్యలో ఇంకా 2 దగ్గరే ఉంది. గ్లాసు నొక్కి చూస్తే ముక్కు పక్క గీతలు ఎక్కడివక్కడే, ముందులాగే ముందుగా నిండుతున్నాయి. వాటిని ఏ క్రీమూ కదపలేదు, లేజరుకే లొంగుతాయి. నాళాల మీద పనిచేసే పల్స్‌డ్ డై లేజర్ అనే రకం గురించి డాక్టరు గారు చెప్పారు. చామనఛాయ మీద మచ్చ పడే అవకాశం కొంత ఎక్కువ కాబట్టి, ఇలాంటి చర్మంతో బాగా అలవాటున్న చోటే చేయించుకోవాలట. తొందరేం లేదన్నారు, నాకూ లేదు.

వారం 1 ఫొటో, ఇవాళ్టి ఫొటో పక్కపక్కన పెట్టి అక్కకి పంపాను. ఐదు నిమిషాల తర్వాత ఫోన్ చేసింది.

"రెండూ ఒకలాగే ఉన్నాయి కదే?"

"కాయితం చూడు అక్కా, రెండిట్లో ఒకటే తెలుపు. ఇప్పుడు బుగ్గ చూడు."

కాసేపు చప్పుడు లేదు. "ఆఁ... కొంచెం." మళ్ళీ ఆగి, "అవునూ, నువ్వు వాడిన ఆ మచ్చల క్రీము పేరేంటి? నేనూ నెలనుంచి రాస్తున్నా."

అరగంట మాట్లాడాం. బుధవారం డాక్టరు దగ్గరికి తనతో నేనూ వెళ్తున్నా. తెల్ల కాయితం ఎలా పట్టుకోవాలో వీడియో కాల్‌లో చూపించాను. మొదటి ఫొటోలో ఫిల్టర్ ఆఫ్ చెయ్యడం మర్చిపోయింది.